లాభం, రెండు, మూడు

బరంపురం పెద్ద బజారు వెనక సందులో
ఉప్పు కొఠీ ఉంది.
లోపల ఇప్పుడు ఉప్పు లేదు.
నూట ఇరవై ప్లాస్టిక్ కుర్చీలున్నాయి,
రెండు స్పీకర్లు, ఆయాసపడే ఒక హార్మోనియం.
గబ్బిలాల్ని టికెట్టు అడగం.

దీపాలు పెట్టాక ఆ పేరెత్తకూడదనేది మా మామ్మ.
రాత్రిపూట కొట్టుకెళ్తే
వేలితో చూపించి తెచ్చుకునేది.
కచేరీలన్నీ రాత్రుళ్లే కదా,
ఫోను చేసి ఎక్కడని అడిగిన వాళ్లకు
ఎన్నిసార్లు ఆ పేరు చెప్పానో,
తెలుగులో సగం, ఒడియాలో సగం.
దోషాన్ని కూడా రెండు భాషలూ
చెరి సగం పంచుకుంటాయేమో.

మా తాత ఇక్కడే తూకం గుమాస్తా.
ఆయన కూర్చున్న కిటికీలో కూర్చునే
నేను టికెట్లు చింపుతాను.
దూలానికి వేలాడే కాటా కొక్కేన్ని ఎవరూ తీయలేదు.
దానికే మైకు కట్టాం.
హుమా నుంచి, సుర్లా నుంచి వచ్చిన బస్తాలు ఊగిన చోట
గొంతులు ఊగుతాయి.
ఎంత బరువో ఎవరూ రాసుకోరు.

శ్రావణంలో గోడలకు చెమట పడుతుంది.
ఎన్నిసార్లు సున్నం వేసినా
లోపలున్నది ఊరుకోదు,
తెల్లగా, పొట్టు పొట్టుగా పైకొస్తుంది.
మద్దెల మూత సాగిపోతుంది.
వయొలిన్ తీగ పొద్దున మెరుపు, సాయంత్రానికి తుప్పు.
భికారి సాహు హార్మోనియం విప్పి
రీడు నాలుకకు ఆనించి చూసి
"వంటకైతే పనికొస్తుంది బాబూ, పాటకు కాదు" అంటాడు.

మునిసిపాలిటీ ఇంజనీరొచ్చి గోడ గోకి
గోరు వాసన చూసుకుని
రసాయనం పూస్తే పోతుందన్నాడు.
పోయాక ఏం మిగులుతుందని అడగాలనిపించింది.
ఎంతవుతుందని అడిగాను.

ఆ నెలలోనే
పర్లాకిమిడి నుంచి కౌముది గారు పాడటానికొచ్చిన రాత్రి
కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
పెంకుల మీద వాన.
ఆవిడ ఆపలేదు గానీ
గొంతు మూడో వరస దాటడం లేదు.
వెనకవాళ్లు అప్పటికే
చెప్పులు వెతుక్కుంటున్నారు.

తలుపు దగ్గర తడిసి నిలబడ్డ ముసలాయన,
టికెట్టు లేదు, నేనూ అడగలేదు,
"అక్కడ కాదమ్మా, ఈ మూలకి రా" అన్నాడు.
"బస్తాలు లెక్కెట్టినోడు ఈడే నిలబడీవోడు.
ఈడ అంటే ఆ సివరికి ఇనబడీది."
పేరు దండాసి.
మోయడం మానేసి ముప్పై ఏళ్లయినా
ఆ వీపు ఇంకా బస్తా కిందే ఉంది.

నమ్మకం కుదరక ఆవిడ చూస్తుంటే
చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని
తనే అన్నాడు:
లాబం...
రెండూ...
మూడూ...

కొలిచేటప్పుడు ఒకటి అనరు.
మొదటిది ఎప్పుడూ లాభమే.
ఎవరికి లాభమో ఆ వీపునే అడగాలి.
గోడ ఆ మాటను అందుకుని
దూలాల వెంట నడిపించుకెళ్లి
చివరి కుర్చీలో దింపింది.

కౌముది గారు చాప తెచ్చుకుని
ఆ మూలే కూర్చున్నారు.
ఆయన లాబం అన్న చోటునే
శ్రుతిగా పట్టుకున్నారు.
తర్వాత ఏం పాడారని అడిగితే నాకు రాగాల పేర్లు తెలీవు.
చెప్పులు దొరికినవాళ్లు
వాటిని ఒళ్లో పెట్టుకుని
మళ్లీ కూర్చోవడం మాత్రం చూశాను.

దండాసి చివరిదాకా ఉండలేదు.
గోడకు ఆనుకున్న తడి చొక్కా వెనక
తెల్లటి అచ్చు పడింది.
అలాగే వానలోకి వెళ్లిపోయాడు.
అది సందు మలుపు దాకా కనబడింది,
ఆ తర్వాత కరిగిపోయి ఉంటుంది.

లెక్కలో తేడా వచ్చింది ఆ రాత్రి.
టికెట్లు డెబ్బయి మూడు, మనుషులు డెబ్బయి నలుగురు.
తాత అయితే ఎర్ర సిరాతో రాసేవాడు.
నేను రాయలేదు.

ఇంజనీరు ఇచ్చిన అంచనా కాగితం
సొరుగులోనే ఉంది.
మొన్న తీసి చూశాను.
తడి పట్టి
కాస్త బరువెక్కింది.